క్లచ్ పెడల్ లేని పాత బీటిల్ చిత్తూరులో అమ్మకానికి ఉంది, కొనొచ్చా?

1971 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, గేర్ రాడ్ ఉంది కానీ క్లచ్ పెడల్ లేదు, మా మెకానిక్ మామూలు గేర్‌బాక్స్ వేసేద్దాం అంటున్నాడు, కొనొచ్చా అని అడిగారు. కొనండి. గేర్‌బాక్స్ మాత్రం మార్పించొద్దు. తిరుపతిలో నేను నడుపుతున్నది ఇదే రకం బండి, చెన్నైలో కొని పుత్తూరు మీదుగా తెచ్చుకున్నాను.

దీన్ని ఆటోస్టిక్ అంటారు, 1968 మోడల్‌తో మొదలైంది. మూడే గేర్లు. పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది. గేర్ రాడ్ పట్టుకుని కదిపితే లోపలి పాయింట్లు కలిసి వెనకున్న వాల్వుకి కరెంటు వెళ్తుంది, ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్, అంటే గాలిని పీల్చే బలం, క్లచ్‌ని లాగి విడదీస్తుంది. చెయ్యి తీస్తే క్లచ్ మళ్లీ పడుతుంది. మధ్యలో టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం, ఉండటం వల్ల గేర్‌లోనే బ్రేకు తొక్కి ఆపినా ఇంజిన్ ఆగిపోదు. గాంధీ రోడ్డు ట్రాఫిక్‌లో ఆ సుఖం నడిపితేనే తెలుస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంకొకర్ని తోడు తీసుకెళ్లండి. స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి రాడ్ కదపండి. ఇంజిన్ దగ్గర ఎడమ పక్క నిలబడ్డవాళ్లకి ఆ వాల్వు టక్కుమనడం వినపడాలి. తర్వాత స్టార్ట్ చేసి, గేర్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి రాడ్ కొద్దిగా కదిపితే ఇంజిన్ మోత కాస్త పెరగాలి. పెరగకపోయినా, గేర్లు గరగరమన్నా కంగారు పడొద్దు. చాలాసార్లు అది వాక్యూమ్ గొట్టమే. మన ఎండలకి రబ్బరు నిలవదు. నా బండిలో గొట్టాన్ని వేళ్లతో వంచితే చెట్టు బెరడులా పెచ్చులు లేచాయి. కొత్తది వేశాక గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి.

భయపడాల్సింది క్లచ్ జారితేనే. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కించి చూడండి. బయల్దేరేటప్పుడు కన్వర్టర్ వల్ల కొంత మోత మామూలే. వేగం అందుకున్నాక కూడా మోత పెరుగుతూ బండి ముందుకు పోకపోతే క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట, లేదా దాని మీద ఆయిల్ పడుతోంది. అది మార్చాలంటే ఇంజినూ గేర్‌బాక్సూ రెండూ దించాలి, ధర ఆ మేరకు తగ్గించమనండి.

కన్వర్టర్‌కి వేరే ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్) ఉంటుంది, ట్యాంకు కుడి వెనక మడ్‌గార్డ్ లోపల. దాని పంపు ఇంజిన్ ఆయిల్ పంపుతో కలిసే ఉంటుంది, మధ్య సీలు పోతే ఏటీఎఫ్ ఇంజిన్‌లోకి దిగుతుంది. ఆయిల్ పోయకుండానే ఇంజిన్ డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద లెవెల్ పెరుగుతోందంటే కారణం అదే. ఇది చాలామంది మెకానిక్‌లకి తట్టదు.

కాగితాల సంగతి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతుల వంటి వాటికే. రోజూ వాడాలనుకుంటే మామూలు ఆర్‌సీ రెన్యూవల్ అయి ఉందో లేదో ముందే చూడండి. ఛాసిస్ నంబరు వెనక సీటు కింద, మధ్య గట్టు మీద కొట్టి ఉంటుంది. అమ్మే ఆయన కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నా సరే, ఆ నంబరు ఆర్‌సీతో ఒక్కో అంకె మీరే సరిచూసుకోండి.

కొన్నాక గేర్ రాడ్ మీద చెయ్యి ఆనించి నడపొద్దు. మనలో చాలామందికి ఆ అలవాటు ఉంటుంది. ఈ బండిలో ఆ చేతి బరువుకే క్లచ్ కొద్దికొద్దిగా విడిపోయి ప్లేటు కాలుతుంది. బండి ఎవరి చేతికిచ్చినా తాళం ఇచ్చే ముందు ఈ మాట చెప్పండి, మెకానిక్‌కైనా సరే.