పైవరస తాజా, అడుగున వాసన: చేపల బండిలో ఐసు లెక్క

ప్రశ్న: లోయర్ మానేరు బొచ్చె, రవ్వ చేపలు ట్రిప్పుకు ఐదు క్వింటాళ్ళు మంచిర్యాల, చంద్రాపూర్ మీదుగా నాగ్‌పూర్ పంపుతున్నాం. బండికి పఫ్ డబ్బా (బయటి వేడిని ఆపే నురగ గోడల పెట్టె) ఉంది, కూలింగ్ మిషన్ లేదు. రెండున్నర క్వింటాళ్ళ ఐసు వేస్తున్నాం. ఎండాకాలంలో పైవరస బాగుంటోంది, అడుగువి మెత్తబడి వాసనొస్తున్నాయి. ఐసు పెంచాలా?
– చేపల వ్యాపారి, కరీంనగర్

జవాబు: పెంచాలి. 30 డిగ్రీలున్న చేపను సున్నాకు దించడానికే క్వింటాలుకు సుమారు 32 కిలోల ఐసు కరుగుతుంది. మీ సరుకుకు 160 కిలోలు అక్కడే ఖర్చు. మిగిలిన 90 కిలోలే దారి పొడవునా గోడల్లోంచి వచ్చే వేడిని తట్టుకోవాలి. ఎండాకాలంలో కిలో చేపకు కిలో ఐసు వేయండి, చలికాలంలో సగం చాలు.

అయితే అడుగువే చెడుతున్నాయంటే తప్పు ఒక్క ఐసు బరువులోనే లేదు. మీరు రాయలేదు గానీ, రోడ్డు మీద నీళ్ళు కారుతున్నాయని డబ్బా అడుగున నీళ్ళు పోయే కన్నానికి బిరడా బిగించేస్తున్నట్టుంది. నెత్తురు, జిగురు కలిసిన ఆ నీళ్ళలో నానిన చేపకు పైన ఎంత ఐసున్నా లాభం లేదు. బిరడా తీసి, పైపు పెట్టి క్యానులోకి వదలండి. చేపల్ని డబ్బాలో గుట్టగా పోయకుండా ట్రేలలో సర్దండి. ట్రేల కింద చెక్క పట్టీలు వేస్తే నీళ్ళు నిలవవు, అడుగు చేప నలగదు.

ట్రేలో ముందు రెండంగుళాల ఐసు, దానిపై ఒక వరస చేపలు, మళ్ళీ ఐసు, పక్కలకూ ఐసు. గడ్డల్ని రేగుపండు కన్నా సన్నగా కొట్టించండి. పెద్ద ముక్కల మధ్య గాలి ఉంటుంది, మొనలు చేపకు గుచ్చుకుంటాయి. ఉప్పు కలపొద్దు: పైతోలు గడ్డకట్టి రంగు పోతుంది.

లోడింగుకు ముందే చేపల్ని ఐసు నీళ్ళలో ముంచి ఉంచండి. రెండు కిలోల చేప లోపలిదాకా చల్లబడాలంటే రెండు గంటలకు తగ్గదు. థర్మామీటరు సూది వెన్నుముల్లు దగ్గర గుచ్చి, 4 డిగ్రీల లోపు ఉంటేనే ఎక్కించండి. ఖాళీ డబ్బాలోనూ గంట ముందు కొంత ఐసు వేయాలి, లేకుంటే కాగిన గోడలే మొదటి ఐసును తినేస్తాయి.

ప్రశ్న: కూలింగ్ బండిలో మామిడిని కూడా 4 డిగ్రీల్లోనే ఢిల్లీ పంపొచ్చా?
– మామిడి రైతు, జగిత్యాల

జవాబు: వద్దు. పచ్చి కాయకు 12, 13 డిగ్రీల కన్నా తగ్గితే చలిదెబ్బ తగులుతుంది. తొక్క మీద గోధుమరంగు మచ్చలు పడి, కాయ సరిగా మాగదు. బండిలో ఉన్నప్పుడు ఏమీ కనబడదు, మండీలో దించిన రెండు మూడు రోజులకు బయటపడుతుంది.