అటక మీది ట్రంకుపెట్టె

(పాలకొల్లు బజారులో ముప్ఫై ఏళ్ళకు పైగా బొమ్మల కొట్టు నడిపి, ఇప్పుడు తాళంచెవులు కొడుక్కి అప్పగించిన బాబాయి గారు పాత వస్తువుల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొమ్మల రేట్ల గురించే.)

ప్రశ్న: బాబాయి గారూ, మాది వీరవాసరం దగ్గర పల్లె. ఆరెకరాల చెరువు లీజుకు తీసుకుని రొయ్య వేస్తున్నాం. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాక రేటు పడిపోయి, రెండు పంటలు నష్టంలో పోయాయి. మేత కొట్టు బాకీ అలాగే ఉంది. మా బావగారు 1983లో కువైట్ వెళ్ళి, అప్పట్లో పదేళ్ళవాడైన మావారి కోసం పంపిన చిన్న కార్లు, మా అబ్బాయి చిన్నప్పటి జి.ఐ. జో అనే సైనికుల బొమ్మలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. "అన్నీ పడిపోతున్నా పాత బొమ్మలు మాత్రం పెరుగుతున్నాయమ్మా, లక్షలొస్తాయి" అంటున్నాడు హైదరాబాద్ నుంచి మా అబ్బాయి. నిజమేనా? ఎవరికి అమ్మాలి?
– ఒక అమ్మ, వీరవాసరం మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ పెట్టెను కిందికి దింపించండి. ఒక్కో కారు బోర్లించి, అడుగున ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు చదవండి. మ్యాచ్‌బాక్స్ కార్లయితే "లెస్నీ, మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని గానీ, "మకావు" అని గానీ ఉంటుంది. 1953లో ఆ కార్లు మొదలుపెట్టిన లండన్ కంపెనీ పేరు లెస్నీ. 1982లో అది దివాలా తీస్తే, కొనుక్కున్నవాళ్ళు తయారీని మకావుకు మార్చారు. మీ బావగారు వెళ్ళిన ఏడాది గల్ఫ్ కొట్లలో రెండు రకాలూ ఉండే ఉంటాయి. గిరాకీ ఇంగ్లండు కారుకే ఎక్కువ.

దుమ్ము ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే. తోమకండి. ఒకావిడ ఇలాంటి కారునే గిన్నెల పౌడరు వేసి పీచుతో తళతళలాడేలా తోమి నా దగ్గరికి తెచ్చింది. తలుపు మీది రంగు, పక్కనున్న గీత, అన్నీ పీచుకే పోయాయి. నేను ఏం చెప్పాలో తెలియక కాఫీ ఇప్పించి పంపాను.

సైనికుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ బొమ్మ నడుములో ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది. ఒంటిని, కాళ్ళని కలిపి పట్టుకునేది అదే. మన ఉక్కకు ఆ రబ్బరు పెళుసెక్కి, బొమ్మను ఇలా చేతిలోకి తీసుకోగానే రెండు ముక్కలవుతుంది. కంగారుపడి ఫెవిక్విక్ పెట్టారా, ఆ బొమ్మ అయిపోయినట్టే. రింగు కొత్తది వేసుకోవచ్చు, వేశామని కొనేవాడికి చెప్తే తప్పేమీ లేదు. చేతిలో పట్టే తుపాకులు, వీపు సంచులు విడిగా ఎక్కడో పెట్టె మూలన పడుంటాయి, అవీ ఏరండి. తుపాకీ ఉన్న సైనికుడికీ లేనివాడికీ రేటులో చాలా తేడా.

ఆ సైనికుల గురించి నాకు బాగా తెలియడానికి కారణం ఉంది. 2002 ప్రాంతంలో మా కొట్లో రెండు కార్టన్లు మిగిలిపోయాయి. అట్ట నలగలేదు, మీది ప్లాస్టిక్ బుడగ చెక్కుచెదరలేదు. పిల్లలు వీడియో గేముల్లో పడి వాటి మొహం చూడ్డం మానేశారు. తీర్థాల్లో కొట్లు పెట్టే ఒక వ్యాపారికి, అంతర్వేది తీర్థానికి ముందు, బొమ్మ పదిహేను రూపాయల లెక్కన మొత్తం ఇచ్చేశాను. అటక ఖాళీ అయిందన్న సంతోషంలో ఆ రాత్రి సినిమాకి కూడా వెళ్ళాం. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్ళు వేసిన వాటిలో కొన్నిటి రంగులు అమెరికా బొమ్మల రంగుల్లా ఉండవనీ, ఆ తేడా కోసమే అక్కడి కలెక్టర్లు వెతుక్కుంటారనీ చాలా ఏళ్ళ తర్వాత మా అల్లుడు ఫోన్లో చూపించాడు. (కలెక్టర్లంటే జిల్లా కలెక్టర్లు కాదు, బొమ్మలు పోగేసేవాళ్ళు.) అంతర్వేది పేరెత్తితే మా ఆవిడ ఇప్పటికీ నా వైపు చూసి నవ్వుతుంది.

ఇక రోజులు బాగాలేనప్పుడు బొమ్మల రేటు ఎందుకు పెరుగుతుందంటే, కౌంటరు వెనక నుంచి చూసిందే చెప్తాను. 1995 ప్రాంతంలో వైట్ స్పాట్ అనే తెగులు వచ్చి టైగర్ రొయ్య చెరువుల్లోనే చచ్చిన రోజుల్లో మా కొట్లో మూడు చక్రాల సైకిలు ఒక్కటి కదల్లేదు. పది, ఇరవై రూపాయల బొమ్మలు మాత్రం అంతకుముందు కంటే ఎక్కువ పోయాయి. సైకిలు కొనలేని తండ్రి ఒట్టి చేతుల్తో ఇంటికెళ్ళలేడు కదా. పెద్దవాళ్ళు తమకోసం కొనుక్కునే బొమ్మల కథా ఇంచుమించు అంతే. ఫ్లాటు, కారు వాయిదా వేసుకున్న నలభై అయిదేళ్ళ మనిషి, చిన్నప్పుడు ఎదురింటి కుర్రాడి చేతిలో మాత్రమే చూసిన బొమ్మను అయిదు వేలు పెట్టి తెచ్చుకుంటాడు. ఇంకొకడు ఉంటాడు. షేర్లు పడుతున్నాయి, బంగారం కొండెక్కింది, డబ్బు ఎందులో పెట్టాలా అని చూస్తుంటాడు. వీళ్ళిద్దరూ ఒకే బొమ్మ మీద పడతారు. సరుకేమో పెరగదు. లెస్నీ వాడు తిరిగొచ్చి ఇంకో వెయ్యి కార్లు పోత పొయ్యడు.

కానీ అమ్మా, ఆ ఇద్దరూ మీ మండలంలో లేరు. మీ చుట్టుపక్కల చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు అమ్మకానికి పెట్టినవాళ్ళెందరో, కొనేవాళ్ళెందరో మీరే చూస్తున్నారు. ఊళ్ళో ఎవరైనా "ఇవన్నీ కలిపి రెండు వేలకు తీసుకుంటా" అని వస్తే, అతను కొనేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమ్మడానికే. ఆ పని మీ అబ్బాయినే చేయమనండి. అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైపోయిన రేట్లు చూడమనండి. లక్ష అని బోర్డు పెట్టుకోవడానికి ఎవరికీ ఖర్చు కాదు. పేపర్లలో వచ్చే కోట్ల వార్తలది వేరే జాతి. 2024లో అమెరికాలో ఒక స్టార్ వార్స్ బొమ్మ వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. అది కొట్లోకి రాని నమూనా. వీపు మీది రాకెట్ ఊడి పిల్లల గొంతులో పడుతుందని భయపడి ఆ రకాన్ని కంపెనీ వాళ్ళు మార్కెట్లోకి వదల్లేదు. మీ పెట్టెలో ఉన్నది పిల్లలు ఆడుకున్న సరుకు. అట్టపెట్టె లేని, అంచుల దగ్గర రంగు లేచిన మామూలు కారుకి వందల్లోనే వస్తుంది. పెట్టెతో సహా ఉన్నవి ఒకటో రెండో దొరికితే వేలు. మేత కొట్టు వడ్డీ మాత్రం వారం వారం పెరుగుతుంది కాబట్టి, ఆ బాకీ సర్దుబాటు సంగతి బొమ్మల్ని లెక్కలో వేసుకోకుండానే మాట్లాడుకోండి.

ఇంకొక్క మాట. ఉత్తరంలో మీ అబ్బాయి ఏమన్నాడో రాశారు, మీరేమడగాలనుకున్నారో రాశారు. ఆ కార్లు మీవారివి. ఆయన్ని అడిగారా?

ప్రశ్న: చీటీ పాడిన రెండు లక్షలు చేతిలో ఉన్నాయి. లెగో (ముక్కలు అమర్చి కట్టుకునే బొమ్మల సెట్లు) పెట్టెలు కొని విప్పకుండా దాచితే ఏడాదికి 11 శాతం వస్తుందని, బ్యాంకు ఎఫ్.డి. కంటే నయమని మా వాడు పోరుతున్నాడు. పెట్టమంటారా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: ఆ లెక్క అబద్ధం కాదండీ. మాస్కోలో ఇద్దరు పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా, విప్పని లెగో సెట్లు మళ్ళీ ఎంతకి అమ్ముడుపోయాయో చూసి, సగటున ఏటా 11 శాతం పెరిగిందని తేల్చారు. షేర్ మార్కెట్ పడితే ఇవీ పడాలని లేదని కూడా చెప్పారు. మీ వాడు అక్కడితో చదవడం ఆపాడు. అదే లెక్కలో కొన్ని సెట్లు 600 శాతం దాకా పెరిగితే, కొన్ని సగానికి సగం పోగొట్టుకున్నాయి. ఏది ఏ గుంపులో పడుతుందో కొనేటప్పుడు పెట్టె మీద రాసి ఉండదు.

పైగా అది విదేశీ కొట్ల రేటు మీద కట్టిన లెక్క. మన దగ్గర బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బి.ఐ.ఎస్. అనే ప్రభుత్వ నాణ్యతా గుర్తు తప్పనిసరి చేశారు. అంటే మీరు సుంకం కలిపిన రేటుకు కొని, దాని మీద లాభం వెతుక్కోవాలి.

ఇక దాచడం. 1996 నవంబరు తుపానుకి రాజోలులో మా బావమరిది కొట్టు రేకులు లేచిపోయాయి. మూడో రోజు లాంచీ దాటి వెళ్ళి చూశాను. లోపల బొమ్మలకి ఒక్క దెబ్బ లేదు. అట్టపెట్టెలు మాత్రం నీళ్ళు తాగి ఉబ్బి, ఎండలో పెడితే అప్పడాల్లా వంకర్లు పోయాయి. మంచి బొమ్మల్నే సగం ధరకు అమ్ముకున్నాడు. తుపాను రాకపోయినా మన దగ్గర ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలు చెమర్చుతాయి, చెదలు సరేసరి. ఇరవై ఏళ్ళు పెట్టె మూల నలక్కుండా కాపాడటం ఒక ఉద్యోగం. మీరు ఇప్పుడే రిటైరయ్యారు.

అమెరికాలో 1990ల్లో బీనీ బేబీస్ అని గుడ్డ బొమ్మల పిచ్చి పట్టింది. పిల్లల చదువులకు పనికొస్తాయని గదుల నిండా కొని పెట్టుకున్నారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట, జడ్జి గారి ముందు కోర్టు నేల మీద గొంతుకు కూర్చుని ఆ బొమ్మల్ని నీకొకటి నాకొకటి అని పంచుకున్న ఫొటో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తర్వాత కొద్ది కాలానికే వాటి రేటు కుప్పకూలింది.

మనవలకి ఒక సెట్టు కొనండి, విప్పి ఆడుకోనివ్వండి. మిగతాది బ్యాంకులో వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడ్చి మరీ లబూబూ అనే, పళ్ళు ఇకిలించే చైనా బొమ్మ కొనిపించుకుంది. ఒరిజినల్ అని పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ముందుముందు రేటు పెరుగుతుందట కదా?
– అమలాపురం నుంచి

జవాబు: పళ్ళు లెక్కపెట్టండమ్మా. అసలు బొమ్మకి తొమ్మిది ఉంటాయి. ఎక్కువో తక్కువో ఉంటే నకిలీయే. తొమ్మిది ఉన్నంత మాత్రాన అసలుదనీ కాదు, నకిలీవాళ్ళూ లెక్క నేర్చుకున్నారు. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషెత్తు లబూబూ ఒకటి పది లక్షల యువాన్లు దాటింది. అదే నెలలో కంపెనీ సరుకు ఎక్కువ వదిలేసరికి, మామూలు వాటిని తిరిగి అమ్మేవాళ్ళ రేటు బాగా పడిపోయింది. అచ్చు కంపెనీ చేతిలో ఉన్నంతకాలం అరుదు కూడా వాళ్ళ చేతిలోనే. అమ్మాయి సంచికి తగిలించుకోనివ్వండి.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలకి కూడా ఇలా రేటు పెరుగుతుందా?
– ఒక టీచరు, నరసాపురం

జవాబు: మా అమ్మ కొలువులో పెట్టిన దశావతారాలు నా దగ్గర ఉన్నాయి, కూర్మానికి ఒక కాలు లేదు. నన్నింతవరకు ఎవరూ రేటు అడగలేదు. తెల్ల పొణికి కర్ర తేలిక, పురుగు తొందరగా పడుతుంది. వేపాకు పెట్టండి. కొత్తవి కొంటే కొండపల్లి వెళ్ళి చేసినవాళ్ళ చేతి నుంచే కొనండి, పెరుగుదలేదో వాళ్ళకే అందుతుంది.

ప్రశ్న: అంకుల్, నేను బి.టెక్ మూడో సంవత్సరం. హాట్ వీల్స్ బొమ్మ కార్లు కలెక్ట్ చేస్తాను. స్టోర్ తెరిచేసరికే రీసెల్లర్లు మంచివన్నీ ఎత్తుకుపోతున్నారు. ఒకతను, అరుదుగా దొరికే సూపర్ ట్రెజర్ హంట్ రకం కారు నాలుగు వేలంటున్నాడు. కొనకపోతే ఇంకా పెరుగుతుందని టెన్షన్. హాస్టల్ ఫీజు డబ్బులున్నాయి, తర్వాత సర్దొచ్చు. ఏమంటారు?
– కాకినాడ నుంచి

జవాబు: హాస్టల్ ఫీజు జోలికి వెళ్ళకు నాయనా. అది మీ నాన్న డబ్బు, ఏ రేటుకి తెచ్చాడో నీకు తెలియదు.

కారు సంగతికొస్తే, హాట్ వీల్స్ పుట్టింది 1968లో, ట్రెజర్ హంట్ అని పన్నెండు కార్లతో మొదలుపెట్టింది 1995లో. సూపర్ రకానికి అసలు రబ్బరు టైర్లుంటాయి, రంగు లోపల్నించి మెరుస్తుంది, ఒంటి మీద ఎక్కడో టి.హెచ్. అన్న గుర్తుంటుంది. మామూలు కారుకి రబ్బరు టైర్లు మార్చి, స్టిక్కరు వేసి, అట్ట మళ్ళీ అతికించి అమ్మేవాళ్ళున్నారు. బుడగ అంచు దగ్గర జిగురు మరక ఉందేమో వెలుతురుకి పట్టి చూడు. నాలుగు వేలు అడిగేవాడు పట్టి చూడనివ్వకపోతే, నీ ప్రశ్నకి జవాబు అక్కడే దొరికినట్టు.

రీసెల్లర్ల మీద నాకూ కోపమే. కానీ వాళ్ళకి ఆ డబ్బాలు ముందే చెప్పి తీయించిపెట్టేది లోపలి కుర్రాళ్ళే. మా కొట్లో పనిచేసిన కుర్రాడొకడు దీపావళి తుపాకులు అలాగే దాచేవాడు. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడటం మానేసి, సరుకు ఏ రోజు దిగుతుందో కనుక్కో. పెద్ద స్టోర్లు వదిలేసి సామర్లకోట, పిఠాపురం వైపు స్టేషనరీ కొట్లలో, పెన్నుల పక్కన వేలాడే వరస చూడు. అక్కడివాళ్ళకి టి.హెచ్. అంటే ఏంటో తెలియదు.

అలా తిరిగినప్పుడు ఆకుపచ్చ రంగు చెత్త లారీ కనిపిస్తే నాకు చెప్పు. మా మనవడు రెండు నెలలుగా దానికోసం అన్నం దగ్గర పేచీ పెడుతున్నాడు. అట్ట నలిగినా ఫర్వాలేదు, వాడు వీధిలోనే చింపేస్తాడు.