గాలిలో ఎంత, రోడ్డు మీద ఎంత?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక చోట 1,250 కి.మీ. అని, ఇంకో చోట 1,560 అని ఉంది. ఏది నమ్మాలి? కారులో వెళ్దామనుకుంటున్నాం. డీజిల్ లెక్క ఎలా వేసుకోవాలి? – ఒక పాఠకుడు, కామారెడ్డి

జవాబు: రెండూ నమ్మవచ్చు. మొదటిది ఆకాశమార్గాన సూటి దూరం, రెండోది 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగపూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా వెళ్లే దూరం. రోడ్డు ఊళ్లను కలుపుకుంటూ, నదుల దగ్గర వంతెన ఉన్న చోటికి మళ్లుతూ పోతుంది కనుక మైదానాల్లో సూటి దూరానికి పాతిక శాతం దాకా కలుస్తుంది. కొండల్లో ఈ లెక్క చెల్లదు. శ్రీనగర్-లేహ్ సూటిగా దాదాపు 255 కి.మీ.యే, రోడ్డు మాత్రం 420 దాకా ఉంటుంది.

మీరు బయల్దేరేది కామారెడ్డి నుంచి కాబట్టి 1,560లో దాదాపు 115 తీసేయండి. మిగిలిన 1,445కి హోటళ్లకు, బంకులకు పక్కకు తిరగడం, ఊళ్లో తిరుగుళ్లు కింద 5 శాతం కలిపితే సుమారు 1,520. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండికి 101 లీటర్లు. కంపెనీ చెప్పిన మైలేజీతో లెక్క కట్టకండి. ఏసీ, నిండా మనుషులు, పైన సామాను ఉంటే అంత రాదు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి.

తొలి రాత్రి నాగపూర్, రెండో రాత్రి ఝాన్సీలో ఆగితే మూడో రోజు ఢిల్లీ. రెండో రోజే కష్టం, దాదాపు 590 కి.మీ. డిసెంబరు, జనవరిల్లో గ్వాలియర్ దాటాక పొగమంచు పడుతుంది. ఝాన్సీలో తెల్లవారుజామున బయల్దేరి ఒరిగేదేమీ లేదు, ఎండ వచ్చాకే కదలండి.

ప్రశ్న: అట్లాసు చూసి సూటి దూరం మనమే కట్టుకోవచ్చా? – ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: కట్టవచ్చు. హైదరాబాద్ 17°23' ఉత్తరం, 78°29' తూర్పు. ఢిల్లీ 28°37', 77°13'. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు: 17°23'ను 17.23 అని రాసేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు, కాబట్టి 23ను 60తో భాగిస్తే 0.38, అంటే 17.38. ఆ ఒక్క పొరపాటుకే 17 కి.మీ. తేడా వస్తుంది.

అక్షాంశాల తేడా 11.23, దాన్ని 111తో గుణిస్తే 1,247. రేఖాంశాల తేడా 1.27. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి గనుక, రెండు ఊళ్ల నడుమ 23 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ విలువ 102 కి.మీ.కు తగ్గుతుంది. గుణిస్తే 130. రెంటి వర్గాలూ కలిపి వర్గమూలం తీయండి: దాదాపు 1,254. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికైతే సుమారు 1,260, ఎందుకంటే శంషాబాద్ ఊరికి దక్షిణాన ఉంది. అమెరికా లాంటి దూరాలకు ఈ పద్ధతి పనికిరాదు, గోళం లెక్క కావాలి.

ప్రశ్న: ఢిల్లీ-గువాహటి విమానం త్వరగా చేరుతుంది, తిరుగు ప్రయాణం ఆలస్యం. దూరం ఒకటేగా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: దూరం ఒకటే, గాలి వేరు. చలికాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తున, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. హైదరాబాద్-ఢిల్లీ దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది కనుక ఆ గాలి పక్క నుంచి తగులుతుంది, రాకపోకల మధ్య అంత తేడా కనిపించదు.