నీళ్లు వేడెక్కితే నెగటివ్ నల్లబడుతుంది

ప్రశ్న: నాన్నగారి పాత ఎస్ఎల్ఆర్ కెమెరాలో హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి ఫొటోలు తీశాను. ఫిల్ముపై బొమ్మ తేల్చే మందు (డెవలపర్) డీ-76లో ఇంట్లోనే కడిగాను. చార్టులో ఉన్నట్టే 11 నిమిషాలు ఉంచినా నెగటివ్‌లు నల్లగా, దట్టంగా వచ్చాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తప్పు మీ టైములో లేదు, నీళ్లలో ఉంది. ఆ 11 నిమిషాలు డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర వాడినప్పటి లెక్క. ఒంగోలు ఎండల్లో మేడమీది నీళ్లు ఎంత కాగుతాయో మీకు తెలిసిందే. వేడి పెరిగేకొద్దీ మందు వేగం పెరుగుతుంది. ఆకాశం, తెల్లచొక్కా లాంటి వెలుగు భాగాలు నెగటివ్‌లో గడ్డకట్టినట్టు నల్లబడతాయి.

మందు సీసాలను బేసిన్ నీళ్లలో నిలబెట్టి, ఐసుముక్కలను కవర్లో కట్టి ఆ నీళ్లలో వేయండి. మందులోనే వేస్తే పలచబడుతుంది. 20కి దిగకపోతే 24 దగ్గర ఆపి, సుమారు 8 నిమిషాలు ఉంచండి. ప్రతి నిమిషం మొదటి 10 సెకన్లలో ఫిల్ము ఉన్న డబ్బాను నాలుగుసార్లు తలకిందులు చేయాలి. చాలామంది మరిచేది ఒకటుంది: తేలిన బొమ్మను నిలిపే మందు ఫిక్సరూ, కడిగే నీళ్లూ దాదాపు అదే వేడిలో ఉండాలి. చల్లటి మందులోంచి వేడి నీళ్లలో పడితే జెలటిన్ పొర ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇక పోవు.

ప్రశ్న: కెమెరా వెనక మూత అంచుల్లో నల్లటి జిగురు అంటుతోంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అది వెలుతురును ఆపే ఫోమ్, పాతబడి కరిగింది. పుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది అంటించండి. షట్టర్ తెరకు మాత్రం తగలనీయకండి.