రెండో గీత లేతగా వస్తే పాజిటివేనా?

నెల తప్పి మూడు రోజులైంది, ఇంట్లో చేసుకునే గర్భ పరీక్ష కిట్‌లో రెండో గీత కనీకనిపించనట్టు వచ్చింది, ఏమనుకోవాలి అని అడిగారు. ఆ గీత గులాబీ రంగులో, అయిదు నిమిషాల్లోపే పడి ఉంటే పాజిటివే, ఎంత లేతగా ఉన్నా సరే. ఆలస్యంగా, బూడిదరంగు నీడలా కనిపిస్తే మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మూత్రం ఆరిపోయాక మిగిలే చార అది. ల్యాబ్‌లో మేం రోజూ చూసే తికమక ఇదే.

పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాకే హెచ్‌సీజీ హార్మోను మూత్రంలోకి రావడం మొదలవుతుంది. తొలి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. కిట్‌లో చుక్కలు వేసే గుంట పక్కనే, సన్నటి బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు (హెచ్‌సీజీని పట్టుకునే ప్రొటీన్లు) ఎండిన పొరలా ఉంటాయి. మూత్రం తగలగానే అవి హెచ్‌సీజీని పట్టుకుని పట్టీ వెంట పాకుతాయి. కిట్ మీద ‘టి’ అని రాసి ఉన్న చోట అతికించిన ఇంకో యాంటీబాడీ ఆ హార్మోనును పట్టి ఆపేస్తుంది. అక్కడ పోగుపడ్డ బంగారు రేణువులే మీకు కనిపించిన ఎర్రటి గీత. హార్మోను తక్కువుంటే రేణువులూ తక్కువే, అందుకే లేత రంగు. ‘సి’ అని రాసిన చోట పడే గీతకు గర్భంతో సంబంధం లేదు, పరీక్ష సరిగా నడిచిందని చెప్పడానికే అది. అది పడకపోతే ‘టి’ వచ్చినా ఆ కిట్ పారేయాల్సిందే.

రెండు రోజులాగి కొత్త కిట్‌తో పొద్దున్నే మొదటి మూత్రంతో చూడండి. సరిగ్గా పరీక్ష చేసేటప్పుడే కవరు చించండి, తేమ తగిలితే కిట్ పాడవుతుంది. బల్ల మీద సమంగా పెట్టి, డ్రాపర్ నిలువుగా పట్టుకుని, కవరు మీద రాసినన్నే చుక్కలు (సాధారణంగా మూడు) వేయండి. ఎక్కువ పోస్తే రంగు అలికినట్టయి గీత తెలియదు. ముందు రాత్రి లీటర్లకొద్దీ నీళ్లు తాగితే హార్మోను పలచబడి నెగటివ్ చూపించవచ్చు. అందుకే నిన్నటి గీతనూ ఇవాళ్టి గీతనూ పక్కపక్కన పెట్టి గర్భం పెరుగుతోందా అని అంచనా వేయడం దండగ. దానికి 48 గంటల తేడాతో రెండుసార్లు రక్తంలో బీటా హెచ్‌సీజీ (ఈ హార్మోను ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించాలి.

పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని రెండు వారాలు కాకపోయినా, ఈమధ్యే అబార్షన్ అయినా, గర్భం లేకుండానే గీత పడొచ్చు.

గర్భం ఎక్కడ నిలిచిందో కిట్ చెప్పలేదు. గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో నిలిచినా పాజిటివే వస్తుంది. పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఇంకో కిట్ కొనకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.