పొట్టేలు పిల్లలకు దాణా, తల్లి గొర్రెలకు బీడు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 40 తల్లి గొర్రెలను బీడుల్లో మేపుతున్నాం. ఐదెకరాల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. వేసవిలో అంగుళం నీళ్లే వస్తాయి. బెంగళూరు నుంచి తిరిగొచ్చిన మా అబ్బాయి లోన్ తీసుకుని ఎత్తు షెడ్డు వేద్దాం, గొర్రెలన్నిటినీ లోపలే మేపుదాం, ఇంకో 100 పొట్టేలు పిల్లలు తెద్దాం అంటున్నాడు. మాంసానికి ఏ పద్ధతి లాభం?

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం బాగానే ఉంది. పొట్టేలు పిల్లలను పగలు మేపి, సాయంత్రం షెడ్డులో దాణా పెట్టి పెంచండి. తల్లి గొర్రెలను మాత్రం లోపల కట్టొద్దు.

ఎందుకో లెక్క చూడండి. 30 కిలోల తల్లి గొర్రెకు రోజుకు సుమారు కిలో ఎండు పదార్థం (నీరు తీసేస్తే మిగిలే మేత) కావాలి. అంటే ఏడాదికి దాదాపు 365 కిలోలు. చూలు ఐదు నెలలు. బాగా చూసుకుంటే రెండేళ్లకు మూడు ఈతలు వస్తాయి, మన గొర్రెలు ఎక్కువగా ఒక్క పిల్లనే వేస్తాయి. కొన్న మేతతో, కోసి తెచ్చిన గడ్డితో ఏడాదంతా సాకితే ఆ పిల్ల ధర తల్లి తిండికే పోతుంది. బీడులో మేస్తే ఖర్చు కాపరి కూలీ మాత్రమే. పైగా కోతలయ్యాక పొలాల్లో మంద కట్టితే ఎరువుకు డబ్బో, గింజలో వస్తాయి. షెడ్డులో కట్టేస్తే ఆ రాబడి పోతుంది. తల్లులకు దాణా రెండు సమయాల్లో పెట్టండి: పొట్టేలును కలిపే ముందు రెండు మూడు వారాలు, చూలు చివరి నెలన్నర. రోజుకు 200 గ్రాములు చాలు.

పొట్టేలు పిల్లల సంగతి వేరు. మూడు నెలలకు పాలు మరిచిన పిల్ల 10–12 కిలోలుంటుంది. బీడు మేత ఒక్కటే అయితే రోజుకు 50 గ్రాములకు అటూఇటూగా బరువు పెరుగుతుంది, ఎండాకాలంలో అదీ ఉండదు. పగలు మేపి, సాయంత్రం 200–250 గ్రాముల దాణా పెడితే 80–100 గ్రాములు. పూర్తిగా షెడ్డులో, మంచి పచ్చిమేత, దాణాతో అయితే 100 గ్రాములు దాటుతుంది. చివరి రెండిటికీ ఉన్న తేడా ఎంత తక్కువో చూడండి. ఆ కొద్ది తేడా కోసం మొత్తం మేత మీరే పండించాలి. వంద పిల్లలకు పిల్లకు రెండు కిలోల చొప్పున రోజుకు 200 కిలోల పచ్చిమేత కావాలి. ఏప్రిల్, మే నెలల్లో అంగుళం నీళ్లతో అది కుదరదు.

కాబట్టి మొదటి బ్యాచ్ 20–25 పిల్లలతో, కొంత మేపి కొంత దాణా పెట్టే పద్ధతిలో మొదలుపెట్టండి. 120 రోజులకు పిల్లకు 30 కిలోల దాణా పడుతుంది. కిలో 30 రూపాయలనుకుంటే 900 రూపాయలు. ఉత్త మేత మీద కంటే అదనంగా వచ్చేది నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. మీ సంతలో బతికున్న జీవానికి కిలో ధర కట్టి చూసుకుంటే ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. పిల్లలను అక్టోబరు, నవంబరుల్లో దించండి. అప్పటికి శనక్కాయ కట్టె చేతికొస్తుంది, బీడులోనూ పచ్చిక ఉంటుంది. ఎండలు ముదిరేలోపు అమ్మేయొచ్చు. కట్టెను అమ్ముకోకుండా వామి వేసుకోండి. తడిసి బూజు పట్టింది మాత్రం పెట్టొద్దు. గట్ల మీద సుబాబుల్, అవిసె, బోరు కింద అరెకరంలో హెడ్జ్ లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) వేయండి. జొన్న కోశాక వచ్చే లేత పిలకల్లోకి జీవాలను తోలొద్దు, నాము (సైనైడ్ విషం) తగులుతుంది.

100 కిలోల దాణాకు మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 20, నూనె తీసిన తవుడు 27, కంది చున్ని (పప్పు మిల్లులో వచ్చే పొట్టు, నూక) 10, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో కలపండి. ఖనిజ మిశ్రమం గొర్రెలదే కొనండి, ఆవులది వద్దు. దాంట్లో రాగి ఎక్కువుంటే గొర్రె కాలేయానికి విషం. దాణా 50 గ్రాములతో మొదలుపెట్టి పది పన్నెండు రోజుల్లో పెంచుకుంటూ పోవాలి. తొందరగా బరువు రావాలని ఒకేసారి తట్ట నిండా పోస్తే కడుపు ఉబ్బి రాత్రికి రాత్రే పోతాయి. మగపిల్లలకు మూత్రంలో రాళ్ల సమస్య కూడా ఉంది, నీళ్లు ఎప్పుడూ ముందుండాలి.

షెడ్డు గురించి నా మాట: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు వాన పడే మీ ప్రాంతంలో ఎత్తు ఫ్లోరు అవసరం లేదు. మొరం నేల, తూర్పు పడమరలుగా పొడవు, పైన కప్పు, పిల్లకు ఐదారు చదరపు అడుగులు చాలు. లోన్ టెన్షన్ సగం తగ్గుతుంది.

సంతలో కొన్న పిల్లలను మూడు వారాలు మందకు దూరంగా ఉంచండి. చాలా మందలు ఇక్కడే దెబ్బతింటాయి. పశువైద్యుడితో పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయించండి. దాణా ఎక్కువయ్యేకొద్దీ చిటుక రోగం భయం కూడా పెరుగుతుంది కాబట్టి ఆ టీకా, రెండు వారాలకు బూస్టరు తప్పవు. నులిపురుగుల మందు పేడ పరీక్ష చేయించాకే తాగించండి.

అమ్మకం సంగతి. మాంసం కొట్టువాళ్లు బరువు చూస్తారు, 25 కిలోల పిల్లకు 11–12 కిలోల మాంసం వస్తుంది. బక్రీదుకు కొనేవాళ్లలో చాలామంది పళ్లు, కొమ్ములు చూస్తారు. పాలపళ్లు పోయి మొదటి జత శాశ్వత పళ్లు ఏడాది నిండాకే వస్తాయి, మీ ఏడు నెలల పిల్లకు అవి ఉండవు. పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఆ తేదీ చూసి, కొమ్ము విరగని, ఒంటికి లోపం లేని నాలుగైదు పిల్లలను ఆపుకోండి. వాటిని విడిగా తోలండి. ఆరు నెలలు దాటిన పొట్టేళ్లు తల్లి గొర్రెల్లో కలిస్తే ఈతలు మీ చేతిలో ఉండవు.