గ్రాండ్ నేషనల్ బ్రేక్ పెడల్ గట్టిపడితే ముందు చూడాల్సింది

మీ 1987 బ్యూక్ గ్రాండ్ నేషనల్‌లో బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతోందని, ఎర్ర లైటు వెలుగుతోందని, మెకానిక్ వాక్యూమ్ బూస్టర్ (ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు వచ్చే శూన్యంతో బ్రేక్‌కి బలమిచ్చే భాగం) మార్చాలంటున్నాడని రాశారు. తొందరపడి డబ్బులివ్వకండి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే ఆ కారులో వాక్యూమ్ బూస్టరే ఉండదు!

టర్బో పనిచేసేటప్పుడు ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, వాక్యూమ్ ఎక్కడుంటుంది? అందుకే అప్పట్లో బ్రేక్‌కి బలమివ్వడానికి పవర్‌మాస్టర్ అనే ఎలక్ట్రిక్ పంపు పెట్టారు. ఆ కారంటే ప్రాణమిచ్చేవాళ్లు కూడా తిట్టుకునే భాగం ఏదైనా ఉందంటే అదే.

ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి పెడల్‌ని గట్టిగా పది పన్నెండు సార్లు తొక్కండి. తర్వాత బండి స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలవైపు తోసే భాగం) దగ్గర పంపు మోటారు గుర్రుమని తిరిగి, సుమారు 20 సెకన్లలో ఆగాలి. అసలు తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఒత్తిడిని బట్టి మోటారును ఆన్ ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్ చూడండి. ఆగకుండా తిరుగుతుంటే పంపుమీదో స్విచ్‌మీదో అనుమానం. పెడల్ తొక్కిన ప్రతిసారీ మోటారు మోగుతుంటే మాత్రం అక్యుమ్యులేటర్, అంటే ఒత్తిడిని నిల్వ ఉంచే, బంతిలా ఉండే గుండ్రటి భాగం, పోయినట్టే. దాన్ని విప్పేముందు మళ్లీ పెడల్ తొక్కి ఒత్తిడంతా దించేయాలి, మర్చిపోవద్దు. బ్రేక్ ఆయిల్ మట్టం కూడా ఒత్తిడి దించాకే చూడాలి.

ఇది బాగయ్యేదాకా బండి బయటికి తీయకండి. ఆ ఏడాది కార్వెట్ స్పోర్ట్స్ కారే 240 హార్స్‌పవర్ అయితే మీది 245, బ్రేకు లేకుండా ఆటలొద్దు. మోటారు ఎంతసేపు తిరిగిందో రాయండి, ఏ భాగం తెప్పించాలో చెప్తాను.